ఆవకాయ సీసా మీది చీటీ

నాలుగంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు ఉన్న ఒక కాగితం గురించి ఈ వ్యాసం. దాన్ని సాహిత్యం అనొచ్చా అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. డాక్టరేట్ కోసం ఏళ్ళ తరబడి స్త్రీల కథల్ని చదివిన కళ్ళతోనే దాన్నీ చదివాను, అంతే. మా అమ్మ పెట్టిన ఆవకాయ సీసాకి అతికించిన చీటీ అది. రాసింది అమ్మ కాదు, నేనూ కాదు. ఫోన్లో ఒక ఏఐ పరికరాన్ని తెరిచి, 'నూజివీడు మామిడికాయతో ఇంట్లో పెట్టిన ఆవకాయకి నాలుగు వాక్యాలు రాసిపెట్టు' అని నేనడిగితే అది రాసిచ్చింది. అమ్మమ్మ చేతి కమ్మదనం, తరతరాల సంప్రదాయం, స్వచ్ఛమైన పదార్థాలతో, అపారమైన ప్రేమతో తయారు చేయబడింది... ఇలా సాగింది.

అమ్మ ఆ చీటీని కిటికీ వెలుగులోకి పట్టుకుని రెండుసార్లు చదివింది.

"బాగానే ఉంది. ఇందులో నేనెక్కడున్నానే?" అంది.

ఆ ప్రశ్నకి నవ్వేసి ఊరుకున్నాను. కానీ రాత్రి పడుకున్నాక అది నన్ను నిద్రపోనివ్వలేదు. మా అమ్మకి మనవలు లేరు, ఆమె ఎవరికీ అమ్మమ్మ కాదు. ఆమె ఆవకాయ తరతరాల సంప్రదాయమూ కాదు. పెళ్ళయ్యాక ఎదురింటావిడ దగ్గర నేర్చుకుంది, మెంతులు తగ్గించి తన పద్ధతి తను తయారుచేసుకుంది. ప్రేమ సంగతికొస్తే, మే నెల ఎండలో వందలకొద్దీ కాయలు తుడిచేటప్పుడు ఆమె నోట వచ్చే మాటల్ని ప్రేమ అనడం కష్టం. అంటే ఆ నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నిజం కాదు. అయినా చదివినవాళ్ళెవరికీ అబద్ధమని తోచదు. ఎందుకు తోచదు?

నూజివీడు గురించి తెలియని పాఠకులకి రెండు మాటలు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణాజిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఇటు రెడ్డిగూడెం, విస్సన్నపేట వైపు ఎటు చూసినా తోటలే. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు. తోటని చాలామంది పూత మీదో పిందె మీదో వ్యాపారులకి అమ్మేస్తారు. కాయ లారీలెక్కి నున్న మార్కెట్టుకి, అక్కడి నుంచి ఉత్తరాదికి పోతుంది. ఈ లావాదేవీలో సంతకాలు పెట్టేదీ, అడ్వాన్సు లెక్కపెట్టుకునేదీ మగవాళ్ళు. ఆడవాళ్ళ వాటాకి వచ్చేది గాలిదుమారం వెళ్ళిన మర్నాడు చెట్ల కింద పడి ఉన్న రాలుకాయ. దాన్నే ఏరి, ఒరుగులు ఎండబెట్టి, పచ్చళ్ళు పెట్టి అమ్ముకోవడం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. కొత్తగా వచ్చింది ఫోను. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ పెట్టాక పల్లెల ఆడపిల్లలు కోడింగ్ చదవడం మా ఊళ్ళకి వింతగా లేదు. వాళ్ళ తల్లుల పచ్చళ్ళకి వాట్సాప్‌లో ఆర్డర్లు రావడం కూడా వింతగా లేదు. గంటల లెక్కన జీతం తీసుకునే లెక్చరర్లూ, అంగన్‌వాడీ టీచర్లూ, కుట్టుమిషను పెట్టుకున్నవాళ్ళూ అందరికీ పక్కన ఒక చిన్న వ్యాపారం ఉంటుంది. దాన్ని అందరూ సైడ్ బిజినెస్ అనే అంటారు. నాకూ ఉంది. పగలు పాఠాలు చెప్పి, రాత్రి అమ్మ ఆర్డర్లని ఒక షీట్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్ రాసుకుంటాను. సాహిత్యం చదివినదాన్ని, నాకు కోడింగ్ రాదు. ఏఐని అడిగి, అది ఇచ్చినదాన్ని అతికించి, తప్పొస్తే మళ్ళీ అడిగి, అలా రాస్తాను.

ఈ 'సైడ్' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. దేనికి పక్కన? నా విషయంలో ఉద్యోగానికి పక్కన. అమ్మ విషయంలో ఇంటిపనికి పక్కన. అంటే ఇంటిపని ఆమె అసలు వృత్తి, అది ఎటూ చెయ్యాల్సిందే, ఇది తీరికవేళ చేసే పని. మరియా మీస్ ఈ మాటల గుట్టు విప్పి నలభై ఏళ్ళు దాటింది. ఆమె పుస్తకం 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో వచ్చింది. మనకి ఎంతో దూరం కాని నరసాపురంలో స్త్రీలు అల్లిన లేసు ప్రపంచ మార్కెట్టుకి పోతున్నా, వాళ్ళు మాత్రం గృహిణులుగానే లెక్కకొచ్చారు. వాళ్ళ పని ఖాళీ సమయంలో చేసే పని అయింది కాబట్టి కూలి తక్కువైనా ఎవరికీ తప్పనిపించలేదు. వ్యాపారులూ ఎగుమతిదారులూ మగవాళ్ళు. గృహిణి అనే గుర్తింపే ఆ పరిశ్రమకి పెట్టుబడి అని మీస్ చూపించింది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్త్రీల కోసం వర్క్ ఫ్రమ్ హోమ్‌ని పెద్ద ఎత్తున తెస్తామన్నప్పుడు మెచ్చుకోళ్ళు బాగానే వినిపించాయి. నాకు మాత్రం నరసాపురం గుర్తొచ్చింది. ఇంట్లోంచి పని అంటే ఎవరి ఇల్లు, ఇంట్లో ఏ మూల, ఏ పని ముగిశాక?

మళ్ళీ చీటీకి వస్తాను. 'తయారు చేయబడింది.' తెలుగు మాట్లాడే మనిషి నోట సాధారణంగా రాని వాక్యం ఇది. ఇంగ్లీషు కర్మణి వాక్యాన్ని పాఠ్యపుస్తకాలూ ప్రభుత్వ కాగితాలూ మనకి అలవాటు చేశాయి, యంత్రం వాటినే చదువుకుని వచ్చింది. అమ్మ చేసింది అంటే చేసిన మనిషి ఉంది. చేయబడింది అంటే పచ్చడి ఉంది, ప్రేమ ఉంది, సంప్రదాయం ఉంది, మనిషి లేదు. శ్రమని దాచడానికి ఇంతకంటే మంచి వ్యాకరణం దొరకదు. నేను దాన్ని గద్దించి, కర్తరి వాక్యంలో రాయమన్నాను. వెంటనే రాసింది. 'అమ్మమ్మ ప్రేమతో చేసింది' అని.

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. 'యంత్రం రాసింది', 'అమ్మ చేసింది'. రెండు క్రియలకీ ఒకే తోక. తెలుగులో ఒంటరి స్త్రీకి మనుషుల క్రియ లేదు. వాడు చేశాడు, ఆమె చేసింది, అది చేసింది. గౌరవ వాచకం తగిలిస్తే తప్ప ఆమె గేదెతో, మిక్సీతో, ఇప్పుడు ఏఐతో ఒకే బంతిలో కూర్చుంటుంది. కానీ బహువచనంలో చూడండి. వాళ్ళు చేశారు. ఆడవాళ్ళు పదిమంది కలిస్తే క్రియ మగవాళ్ళతో కలిసి మనుషుల వరసలోకి మారిపోతుంది. భాషాశాస్త్రవేత్తలకి ఇది పాత సంగతే. నేనూ ఎం.ఏ.లో బట్టీపట్టి పరీక్ష రాశాను. మా అమ్మ సీసా పక్కన పెట్టుకుని చూసేదాకా అది నన్ను తాకలేదు. 1992లో దూబగుంటలో సారాకి ఎదురుతిరిగిన స్త్రీలూ, ఆ తర్వాత ఊరూరా డ్వాక్రా పొదుపు సంఘాల్లో చేరిన స్త్రీలూ 'వాళ్ళు'. సంఘం మినిట్స్ పుస్తకంలో వాళ్ళ పేర్లు వరసగా ఉంటాయి, వేలిముద్రలతో సహా. సైడ్ బిజినెస్ చేసే స్త్రీ మాత్రం ఒక్కతి. తన ఫోను, తన సీసాలు, తన కస్టమర్లు, పక్కింటావిడతో పోటీ. ఆమె మళ్ళీ 'చేసింది' దగ్గరికి వచ్చేసింది.

స్త్రీవాద సాహిత్యం వంటింటిని ఎలా రాసిందో మన పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఆ అమ్మాయి తన పేరే మర్చిపోతుంది. ఇంట్లో అడిగితే ఎవరికీ అక్కర్లేదు. చిన్ననాటి స్నేహితురాలు కనిపిస్తేగానీ తను శారద అని తెలియదు. విమల 'వంటిల్లు' కవిత ఆ గదిని కూల్చెయ్యాలనేదాకా వెళుతుంది. ఈ రెండూ చదివి పెరిగిన తరం మాది. ఎం.ఏ. క్లాసులో 'వంటిల్లు' చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమనడం నాకింకా గుర్తుంది. కానీ జరిగిందేమిటి? వంటిల్లు కూలలేదు. దానికి రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది, క్యూఆర్ కోడ్ వచ్చింది, లోగో వచ్చింది. ఊళ్ళో పెద్ద పెద్ద మిఠాయి, పచ్చళ్ళ దుకాణాలు 'స్వగృహ' అని పేరు పెట్టుకుంటాయి. నిజంగా స్వగృహంలో పచ్చడి పెట్టే మా వీధి ఆవిడేమో తన బోర్డు మీద 'ఎంటర్‌ప్రైజెస్' అని రాయించుకుంది. ఎవరికి లేనిది వాళ్ళు రాసుకుంటున్నారు! వంటింటిని చెరసాలగా చదవడం నేర్చుకున్న మన విమర్శకి, దాన్ని దుకాణంగా చదవడం ఇంకా చేతకాలేదనిపిస్తుంది. ఆ గదిలోంచి వచ్చే డబ్బుతో అమ్మ తన కళ్ళ ఆపరేషన్ చేయించుకుంది, ఎవర్నీ అడగలేదు. ఆ గదిని ఇప్పుడు కూల్చమంటే ముందు ఒప్పుకోనిది ఆమే.

2006 నాటి ఆహార భద్రత చట్టం మన సాహిత్య విమర్శ కంటే ఈ విషయంలో సూటిగా ఉంది. సీసా మీద తయారుచేసినవారి పేరు, చిరునామా ఉండాలంటుంది. శారద వెతుక్కున్న పేరుని ప్రభుత్వమే అడుగుతోంది. మా ఇంట్లో ఏమైందంటే, కరెంటు బిల్లు నాన్న పేరున ఉంది, బ్యాంకు ఖాతాకి ముడిపడిన క్యూఆర్ కోడ్ కూడా నాన్నదే. దరఖాస్తు పెట్టడంలో సాయం చేసినాయన 'అన్నీ ఒకే పేరున ఉంటే సులువమ్మా' అన్నాడు. అలా జీవితంలో ఒక్కసారి కూడా జాడీ మూత తియ్యని మా నాన్న ఆవకాయ తయారీదారుడయ్యాడు. దీన్ని మార్చడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇంట్లో గొడవేమీ లేదు, నాన్న ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. 'ఇప్పుడు ఏం కొంప మునిగింది' అన్నారు, అంతే. అలాంటి మాటకి జవాబు చెప్పడం అడ్డుకున్నవాళ్ళకి జవాబు చెప్పడం కంటే కష్టం.

అసలు దెబ్బ లెక్కల దగ్గర తగిలింది. కిలో ధర ఎంత పెట్టాలో తేల్చడానికి షీట్ ఒకటి కట్టమని ఆ పరికరాన్నే అడిగాను. చక్కగా కట్టిచ్చింది. కాయలు, కారం, ఆవాలు, ఉప్పు, మెంతులు, నువ్వులనూనె, సీసాలు, కొరియర్, ప్రకటన ఖర్చు, కాయ కొట్టే కూలి. అమ్మ పనికి గడి లేదు. తప్పు యంత్రానిది అనలేను, ఆ గడి ఉన్న లెక్కలు అది చదివి ఉండదు. మనం రాస్తే కదా. నేనే ఒక గడి చేర్చి, ఒక వారంపాటు పక్కన కూర్చుని అమ్మ గంటలు రాశాను. కాయలు ఎంచడం, నీళ్ళలో వేసి తీసి గుడ్డతో తడి లేకుండా తుడవడం, ముక్కల్లోంచి జీడి తీసి పొర గీకడం, ఆవాలు ఎండబెట్టి పొడి కొట్టించుకురావడం, కలపడం, మూడోనాడు తిరగ్గలిపి ఉప్పు చూడడం, సీసాల్లోకి ఎత్తడం, రాత్రి పదకొండింటికి 'ఆంటీ, కారం ఎక్కువుంటుందా' అన్న మెసేజీకి జవాబివ్వడం. నూరు కాయల ఆవకాయకి నా లెక్కలో ముప్పై ఏడు గంటలు తేలాయి. ఊళ్ళో తోటపని కూలి చొప్పున వాటికి వెల కడితే లాభమంతా ఎగిరిపోయి ఎర్ర అంకె వచ్చింది. అమ్మకి చూపించాను.

"నాకు నేను కూలి ఇచ్చుకుంటానా, పిచ్చిదానా!" అని ఆ గడి తీసేయమంది.

మరియా మీస్ పుస్తకం ఎన్నిసార్లు చదివినా ఇంత సూటిగా తగల్లేదు.

ఇక 'కాయ కొట్టే కూలి' గడి. అది మొదటినుంచీ షీట్‌లో ఉంది. ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ గడి వెనకాల ఒక మనిషి ఉంది. ఏటా మా ఇంటికి వచ్చి, పెద్ద కత్తితో టెంకతో సహా కాయని ఒక్క దెబ్బకి రెండు చేసే ఆమె. ముక్క నలగదు, టెంక ఊడదు. ఆవకాయ ఏడాది పొడుగునా మెత్తబడకుండా నిలబడిందంటే అందులో సగం ఆమె చేతి పని. దళితవాడ నుంచి వస్తుంది. నన్ను 'పాపగారూ' అంటుంది. నాకంటే పాతికేళ్ళు పెద్దది, ఆమెని నేను చిన్నప్పటినుంచీ పేరు పెట్టి పిలిచాను. ఇది గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. శారద పేరు కోసం కన్నీళ్ళు పెట్టుకున్న నేను, కొందరు స్త్రీలని అందరూ పేరు పెట్టే పిలుస్తారన్న సంగతి మర్చిపోయాను. మా అమ్మని ఊళ్ళో పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఫలానా వారి భార్య, ఫలానా అమ్మాయి వాళ్ళమ్మ. కాయ కొట్టే ఆమెని పసిపిల్లలు కూడా పేరుతోనే కేకేస్తారు. పేరు పోవడం ఒక కులం స్త్రీల బాధ. పేరు మాత్రమే మిగలడం, వరస లేకపోవడం, మర్యాద లేకపోవడం ఇంకొకరిది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు దళిత స్త్రీలు అడిగింది ఇలాంటి ప్రశ్నే. మీ వంటిల్లు అందరి వంటిల్లు ఎలా అవుతుందని. ఆ చర్చని నా థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాసి మార్కులు తెచ్చుకున్నాను. నా షీట్‌లో మాత్రం ఆమెకి కూలి ఉంది, పేరు లేదు. మా అమ్మకి పేరు వచ్చింది, కూలి లేదు.

చీటీ మీది 'తరతరాల సంప్రదాయం' అనే మాటకి ఇప్పుడు ఇంకో అర్థం కనిపిస్తుంది. సంప్రదాయం అన్నప్పుడు కొనేవాళ్ళ మనసులో మెదిలేది నగలు పెట్టుకున్న ఒక ముసలావిడ, ఇత్తడి గిన్నెలు, తులసికోట. యంత్రాన్ని బొమ్మ కూడా వెయ్యమంటే సరిగ్గా అదే వేసింది. చేతిలో కత్తి పట్టుకుని, చెమటతో, కొంగు నడుముకి బిగించుకున్న మనిషిని వెయ్యలేదు. నేనే అడిగి వేయించాను. వేసింది గానీ ఆమె మొహంలో నవ్వు తీసేయించడం నా వల్ల కాలేదు.

ఆ నవ్వు గురించి ఇంకొంచెం చెప్పాలి. కస్టమర్లకి జవాబులు కూడా ఏఐతో రాయించడం ఇప్పుడు మామూలైపోయింది. మంచి సౌకర్యమే. విసుగుండదు, ఎదుటివాళ్ళు ఎంత నోరు జారినా 'మీ సందేశానికి ధన్యవాదాలండీ' అంటుంది. 2025 ఏప్రిల్లో రాజమహేంద్రవరంలో వాట్సాప్‌లో పచ్చళ్ళు అమ్మే అక్కచెల్లెళ్ళ వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. ధర ఎక్కువన్న కస్టమర్‌కి వాళ్ళ దగ్గర్నుంచి బూతులతో ఒక వాయిస్ మెసేజ్ వెళ్ళింది. అది బయటపడి, రాష్ట్రమంతా నవ్వుకుని, తిట్టి, మీమ్స్ చేసి, చివరికి వ్యాపారం మూతపడింది. ఆ మాటల్ని నేను సమర్థించను, అవి దారుణమైన మాటలు. కానీ మగ వ్యాపారి కొట్లో కూర్చుని అంతకంటే పెద్ద మాటలన్నా ఊరు దాటనిది, ఇక్కడ వాళ్ళ రూపం, పెంపకం, పెళ్ళి దాకా ఎందుకు పోయింది? పచ్చడి అమ్మే ఆడది అమ్మమ్మలా ఉండాలి. కోపం వచ్చిందంటే సీసా మీద రాసినదంతా అబద్ధమైపోతుంది. అందుకే ఇప్పుడు మా వైపు చాలామంది తమ గొంతుని యంత్రానికి అప్పజెప్పారు. అమ్మ కూడా అప్పజెప్పింది. 'దానికి విసుగు రాదు, నాకొస్తుంది' అంటుంది. ఆమె మాటలో న్యాయం ఉంది, నేను కాదనలేను.

మాట్లాడే యంత్రాల్లో తొలి వాటిలో ఒకటైన ఎలైజాని 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించాడు. ఆ పేరు బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మాలియన్' లోది. ఆ నాటకంలో ఎలైజా ఎవరు? వీధిలో పూలు అమ్ముకునే పిల్ల. పూలకొట్టులో పనికి కుదరాలంటే మాట మర్యాదగా ఉండాలి కాబట్టి ఒక ప్రొఫెసర్ దగ్గరికి భాష దిద్దించుకోవడానికి వెళుతుంది. చిన్న వ్యాపారం చేసుకునే స్త్రీ, ఆమె మోటు మాట, దాన్ని దిద్దే పెద్దమనిషి... మాట్లాడే యంత్రం పుట్టుకలోనే ఈ కథ ఉంది. ఇప్పుడు మా అమ్మ 'కాయ ఎట్టా ఉంది' అని చెప్పిన మాట యంత్రంలోంచి 'ఎలా ఉంది' అయి వస్తుంది. కృష్ణాజిల్లా తెలుగే ప్రామాణికమని ఎంత గర్వపడినా, ఆ ప్రామాణికంలో మా వంటింటి తెలుగు లేదని ఇలా తెలిసింది. సోల, గిద్దె అని అమ్మ చెప్పిన కొలతలు కప్పులుగా మారాయి. 'ఊట' అన్న మాటకి అది బావి నీళ్ళ అర్థం చెప్పింది. ఆ మాటల్ని ఒక్కొక్కటే చేర్చి, ఈ మాట మార్చొద్దు అని దానికి ముందుగానే చెప్పే జాబితా ఒకటి తయారుచేశాను. ఇప్పటికి నూట పన్నెండు మాటలయ్యాయి. కాయ కొట్టే ఆమె చెప్పినవి అందులో ముప్పై దాకా ఉన్నాయి. ఏడాదిగా నేను చేసిన పనుల్లో నాకు తృప్తినిచ్చింది అదొక్కటే.

ఈ వేసవిలో కొత్త చీటీ రాశాను, ఈసారి నేనే. అమ్మ పేరు పైన వేశాను. కింద 'కాయ కొట్టినది' అని రాసి, చుక్కలు పెట్టి, ఆమె వచ్చినప్పుడు చూపించాను. పేరు వెయ్యనా అని అడిగాను. ఆమె కత్తి పక్కన పెట్టి నావైపు అనుమానంగా చూసింది.

"పేరెందుకు పాపగారూ? పచ్చడి బూజు పడితే నా మీదికొస్తారా?"

నాకు మాట రాలేదు. పేరంటే మనం గుర్తింపు అనుకుంటాం. ఆమె పేరు ఇంతకుముందు ఎక్కడెక్కడ రాశారో నేను ఆలోచించలేదు. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల అప్పుల మీద ఆత్మహత్యలు జరిగి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేనాటికి, ఊళ్ళలో పేదస్త్రీల పేర్లు ఎన్ని కాగితాల మీద ఉన్నాయో! పొలం పట్టాల మీద లేని పేర్లు అప్పుపత్రాల మీద ఉన్నాయి. ఒకరు కట్టకపోతే గుంపులో మిగతావాళ్ళు కట్టాలని, గుమ్మం ముందు కూర్చున్నారు. ఆమె కూడా అలాంటి గుంపులో ఉందట. పక్కింటామె వాయిదా కోసం చెవికమ్మలు అమ్మిందట. ఆ రోజు చెప్పింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు.

"పేరు తర్వాత రాద్దురుగానీ, నూరు కాయకి ఎంతిస్తారో ముందు చెప్పండి. పోయినేడు రేటుకి ఈ ఏడు రాను" అంది.

అమ్మా, ఆమే బేరమాడుకున్నారు. అరగంట పట్టింది. తేలిన అంకెని షీట్‌లో వేస్తే కిలోకి నలభై రూపాయలు పెరిగింది. ఆ పక్కనే అమ్మ తీసేయమన్న గడిని ఆమెతో చెప్పకుండా మళ్ళీ తెరిచి, గంటకి పది రూపాయలు వేశాను. నూరు కాయలకి మూడొందల డెబ్బై. ధర ఎందుకు పెరిగిందని మొదటి కస్టమర్ అడిగిన రోజు, యంత్రం రాసిన మర్యాదైన జవాబు ఫోన్లో సిద్ధంగా ఉంది. అమ్మ దాన్ని చదివి, చెరిపేసి, మైకు గుర్తు మీద వేలు పెట్టి తన గొంతుతోనే చెప్పడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోంచి వింటున్నాను. కాయ కొట్టే కూలి పెరిగిందని ఒకటికి రెండుసార్లు చెప్పింది. తన గంటల సంగతి ఆమెకి తెలియదు కాబట్టి చెప్పలేదు.